గూగుల్ ఇన్‌బాక్స్ అలవాటు పోనివాళ్లు ఇప్పుడు దేనికి మారొచ్చు?

2019 ఏప్రిల్ 2న గూగుల్ ఒకే రోజు రెండు దుకాణాలు కట్టేసింది. ఒకటి గూగుల్ ప్లస్ అనే సోషల్ నెట్‌వర్క్. దాని కోసం బాధపడినవాళ్లు తక్కువే. రెండోది ‘ఇన్‌బాక్స్ బై జీమెయిల్’ అనే మెయిల్ యాప్. ఇన్నేళ్లయినా "ఇన్‌బాక్స్‌లా పనిచేసే మెయిల్ ఇంకేదైనా ఉందా?" అని అడిగేవాళ్లు తగులుతూనే ఉంటారు. వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. మూసేస్తున్నామని 2018 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు, జనానికి నచ్చినవాటిని జీమెయిల్‌లోకి తెచ్చేశామని గూగుల్ చెప్పుకుంది. కొన్ని తెచ్చిన మాట నిజమే. అసలైనది మాత్రం తేలేదు.

దేనికి మారాలో అడిగే ముందు మీరే ఒకటి తేల్చుకోవాలి. అందులో మీకు నచ్చింది ఏది? మెయిళ్లు గుంపులు గుంపులుగా రావడమా? ‘ఇది రేపు చూస్తాను’ అని పక్కకు నెట్టేయగలగడమా? ఒక్క నొక్కుతో పేజీ అంతా ఖాళీ అయిపోవడమా? చేయాల్సిన పనులు కూడా మెయిళ్ల మధ్యే కనబడడమా? ఇవన్నీ కలిపి, అదే తీరులో, పైసా తీసుకోకుండా ఇచ్చే సర్వీసు నాకు తెలిసి లేదు. విడివిడిగా అయితే దాదాపు అన్నీ దొరుకుతాయి. అందుకే అచ్చు నకలు కోసం వెతుకుతూ కూర్చోవద్దంటాను. మీరు రోజూ వాడిన ఆ ఒక్కటీ ఎక్కడ బాగుందో చూసుకుని అక్కడికి వెళ్లండి. చాలామంది వాడింది ఒకటో రెండో లక్షణాలే.

అందులో ఏముండేదంటే

2014 అక్టోబరు 22న దాన్ని బయటపెట్టారు. అప్పటికి సుందర్ పిచాయ్ ఇంకా సీఈఓ కాలేదు. ఆండ్రాయిడ్, క్రోమ్, యాప్స్ విభాగాలు చూసేవారు. ప్రకటన ఆయన పేరుతోనే వచ్చింది. మొదట్లో ఆహ్వానం ఉంటేనే ప్రవేశం, అదీ కంప్యూటర్‌లో అయితే క్రోమ్‌లోనే. 2015 మే నెలలో అందరికీ తలుపులు తెరిచారు.

ఎంపికకు పనికొచ్చే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అది వేరే ఖాతా కాదు, వేరే చిరునామా అంతకంటే కాదు. మీ జీమెయిల్ ఖాతాకే తొడిగిన ఇంకో ముఖం. మెయిళ్లన్నీ జీమెయిల్ సర్వర్లలోనే ఉండేవి. అందుకే మూసేసినప్పుడు ఒక్క మెయిల్ కూడా పోలేదు. పోయింది వాటిని చూసే పద్ధతి. కాబట్టి ఇప్పుడు మీరు వెతుకుతున్నది కొత్త మెయిల్ సర్వీసు కాకపోవచ్చు, మీ పాత ఖాతాకే ఇంకో ముఖం కావచ్చు. ఈ తేడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

లక్షణాల్లో అన్నిటికన్నా గొప్పది ‘బండిల్’. కొనుగోళ్లు, డబ్బు వ్యవహారాలు, ప్రయాణాలు, ప్రమోషన్లు, అంతగా అక్కర్లేనివి అంటూ వచ్చిన మెయిళ్లను అదే పోగులు పెట్టేది. జీమెయిల్ ట్యాబ్‌లూ ఆ పనే చేస్తాయి కదా అంటారు కొందరు. చేయవు. ట్యాబ్ అంటే వేరే గది, అక్కడ ఏముందో తెలియాలంటే లేచి ఆ గదిలోకి వెళ్లాలి. బండిల్ మాత్రం అదే వరుసలో, మామూలు ఉత్తరాల మధ్యలో, ఒక్క గీతగా కనబడేది. నలభై ప్రమోషన్ మెయిళ్లు వచ్చినా ఒక్క గీతే. నొక్కితే విచ్చుకునేది, లోపల ఏమీ లేదనిపిస్తే పక్కనున్న టిక్కు కొడితే నలభై మెయిళ్లూ ఒక్కసారే వెళ్లిపోయేవి. మీరు సొంతంగా పెట్టుకున్న లేబుల్‌నైనా బండిల్‌గా మార్చుకోవచ్చు.

అంతకన్నా గొప్ప ఏర్పాటు ఇంకోటి, ఫలానా బండిల్ ఎప్పుడు కనబడాలో మీరే చెప్పొచ్చు. రాగానే చూపించు, రోజుకోసారి చూపించు, వారానికోసారి చూపించు. వారానికోసారి అంటే సోమవారం పొద్దున ఏడింటికి మొత్తం ఒక్కసారి ప్రత్యక్షం. మధ్యలో ఎన్ని వచ్చినా మీ కంట పడేవి కావు. ‘మీ కోసమే ఈ ఆఫర్, ఈ రాత్రితో ఆఖరు’ అనే మెయిల్ సోమవారం చూస్తే ఆ ఆఫర్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. డబ్బు ఆదా! ఇన్‌బాక్స్ పోయాక నాకు అన్నిటికన్నా లోటుగా అనిపించింది ఇదే. జీమెయిల్‌లోకి రానిది కూడా ఇదే.

ఇక పిన్, స్వీప్, డన్. ఈ మూడూ కలిసే పనిచేసేవి. ఒక మెయిల్‌తో పని అయిపోతే టిక్కు కొట్టాలి, దాని పేరు డన్. తెర వెనక జరిగేది మామూలు ఆర్కైవే, అంటే మెయిల్‌ను చెరిపేయకుండా ముందు వరుసలోంచి పక్కకు పెట్టడమే. కానీ ‘ఆర్కైవ్’ అంటే అది ఎక్కడికి పోతుందో అర్థం కాక జంకేవాళ్లు కూడా ‘పని అయిపోయింది’ అనే టిక్కు ధైర్యంగా కొట్టేవాళ్లు. ఇంకా పని మిగిలి ఉంటే పిన్ గుచ్చాలి. తర్వాత స్వీప్ నొక్కితే పిన్ గుచ్చినవి తప్ప మిగతావన్నీ వెళ్లిపోయేవి. అంతా ఖాళీ అయితే తెర మీద సూర్యుడి బొమ్మ కనబడేది. ఆ సూర్యుడి కోసమే మెయిళ్లు ఖాళీ చేసినవాళ్లు ఉన్నారంటే అతిశయోక్తి కాదు.

స్నూజ్ సంగతి తెలిసిందే. మెయిల్‌ను ఇప్పటికి దాచేసి మీరు చెప్పిన వేళకు మళ్లీ పైకి తెచ్చేది. ఇది గూగుల్ కనిపెట్టింది కాదు. 2013లో వచ్చిన మెయిల్‌బాక్స్ అనే ఐఫోన్ యాప్ దీన్ని జనంలోకి తెచ్చింది. ఆ యాప్‌ను డ్రాప్‌బాక్స్ కొనుక్కుని 2016 ఫిబ్రవరిలో మూసేసింది. స్వీప్ అనే పేరూ కొత్తది కాదు, 2010 నాటికే మైక్రోసాఫ్ట్ వాళ్ల హాట్‌మెయిల్‌లో (ఇప్పటి ఔట్‌లుక్) ఉంది. ఇన్‌బాక్స్ స్నూజ్‌లో మాత్రం ఒక విశేషం ఉండేది. వేళతోపాటు చోటు కూడా చెప్పొచ్చు. ‘ఇంటికి చేరాక చూపించు’ అంటే ఫోన్ ఆ చోటికి చేరాకే మెయిల్ పైకి వచ్చేది.

రిమైండర్లు కూడా మెయిళ్ల వరుసలోనే కూర్చునేవి. ‘గ్యాస్ బుక్ చేయాలి’ అని రాసుకుంటే అది బ్యాంకు మెయిల్ పక్కనే కనబడేది. విమానం టికెట్టు, హోటల్ బుకింగ్ కలిపి ఒకే ప్రయాణంగా చూపించేది. మెయిల్ తెరవకుండానే జతచేసిన ఫొటోలు, ఫైళ్లు పైనే కనబడేవి. ‘సరే’, ‘థాంక్స్’ లాంటి రెడీమేడ్ జవాబులు కూడా 2015 నవంబరులో ముందు ఇందులోనే వచ్చాయి, జీమెయిల్‌కు 2017లో వెళ్లాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పోయినవాళ్లంతా మంచివాళ్లే అన్నట్టు మాట్లాడితే ఎంపిక తప్పుతుంది. గూగుల్ ఖాతాలు తప్ప వేరే మెయిల్ అందులో చేర్చడానికి లేదు. ఫిల్టర్లు, సెట్టింగులు లోతుగా మార్చాలంటే మళ్లీ జీమెయిల్‌కే పరుగెత్తాలి. ఒక్కో మెయిల్ తెర మీద బోలెడు చోటు ఆక్రమించేది, చిన్న ల్యాప్‌టాప్‌లో ఒకేసారి పట్టుమని పది గీతలు కనబడేవి కావు. మెయిల్‌ను పనిగా చూడనివాళ్లకు, అంటే ‘చదివాను, అయిపోయింది, అక్కడే ఉండనీ’ అనుకునేవాళ్లకు, ఆ టిక్కుల గోల నచ్చేది కాదు. మీరు ఆ బాపతు అయితే ఇన్‌బాక్స్ లాంటిదాని కోసం వెతకడమే అనవసరం.

జీమెయిల్‌లోనే ఉండి సర్దుకోవాలంటే

నూటికి తొంభై మందికి నా సలహా ఇదే. డబ్బు ఖర్చు లేదు, చిరునామా మారదు, మీ మెయిళ్లు ఇంకో కంపెనీ చేతికి వెళ్లవు. స్నూజ్ 2018 ఏప్రిల్ నుంచే ఉంది. కీబోర్డ్ షార్ట్‌కట్లు ఆన్ చేసుకుంటే ‘బి’ నొక్కితే స్నూజ్, ‘ఇ’ నొక్కితే ఆర్కైవ్. చోటును బట్టి స్నూజ్ చేయడం మాత్రం లేదు. జవాబివ్వని మెయిల్‌ను కొన్ని రోజుల తర్వాత పైకి తెచ్చి గుర్తుచేసే ‘నడ్జ్’ ఉంది. ఇది ఇన్‌బాక్స్‌లోనూ ఉన్న పద్ధతే, అవసరమైనప్పుడు నిజంగానే పనికొస్తుంది.

స్వీప్ కావాలా? దానికి దొడ్డిదారి ఉంది. అట్టే పెట్టుకోవాల్సిన మెయిళ్లకు స్టార్ పెట్టుకోండి. కంప్యూటర్‌లో మెయిళ్ల వరుస పైన ఎడమవైపు ఒక చిన్న చతురస్రం, దాని పక్కనే కిందికి చూసే బాణం గుర్తు ఉంటాయి. బాణం నొక్కితే వచ్చే జాబితాలో ‘అన్‌స్టార్డ్’ ఎంచుకోండి. స్టార్ లేని మెయిళ్లన్నీ ఒక్కసారే ఎంపికవుతాయి. ఇప్పుడు ఆర్కైవ్ నొక్కండి. అదే స్వీప్! కాకపోతే ఒక్కో పేజీకి ఒక్కోసారి చేయాలి. సూర్యుడు రాడు, అంతే తేడా.

పిన్‌లా స్టార్ మెయిళ్లు ఎప్పుడూ పైనే ఉండాలంటే సెట్టింగ్స్‌లో ఇన్‌బాక్స్ రకాన్ని ‘స్టార్డ్ ఫస్ట్’ అని మార్చుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. అలా మారిస్తే ప్రమోషన్స్, సోషల్ ట్యాబ్‌లు మాయమవుతాయి. అంటే పిన్ కావాలంటే ట్యాబ్‌లు వదులుకోవాలి. రోజుకు పాతిక ముప్ఫై మెయిళ్ల లోపు వచ్చేవాళ్లు స్టార్డ్ ఫస్ట్‌కు వెళ్లొచ్చు. అంతకు మించి వస్తుంటే ట్యాబ్‌లే ఉంచుకోండి.

బండిల్స్‌కు దగ్గరి దారి ఫిల్టర్లు. కాస్త ఓపిక పెడితే మొత్తం రూపం మారిపోతుంది, కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. సెర్చ్ పెట్టె కుడివైపున ఉన్న గుర్తు నొక్కితే ఒక ఫారం తెరుచుకుంటుంది. ‘ఫ్రమ్’ గడిలో మీ బ్యాంకు, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు మెయిళ్లు వచ్చే చిరునామాలు రాయండి, ఒక్కో చిరునామాకు మధ్య ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో ‘OR’ అనే మాట పెట్టాలి. కింద ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కి, ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’కు టిక్కు పెట్టి, ‘డబ్బులు’ అని ఒక లేబుల్ తగిలించండి. లేబుల్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఇకనుంచి ఆ మెయిళ్లన్నీ ముందు కనబడకుండా ఎడమపక్కన ఆ పేరు కింద పోగవుతాయి, చదవనివి ఎన్నో అంకె చూపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. మన బ్యాంకుల్లో చాలావాటికి ఓటీపీలు కూడా మెయిల్‌కు వస్తాయి. ఫిల్టర్ వాటినీ లోపలికి తోసేస్తే, పేమెంట్ పేజీలో గడియారం తిరుగుతుండగా ఓటీపీ కోసం లేబుళ్లన్నీ వెతుక్కోవాల్సి వస్తుంది. అదే ఫారంలో ‘డజంట్ హ్యావ్’ అని ఇంకో గడి ఉంటుంది. అందులో ఓటీపీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఆ మాట ఉన్న మెయిళ్లను ఫిల్టర్ ముట్టుకోదు. అయితే కొన్ని బ్యాంకులు మామూలు మెయిళ్ల అడుగున కూడా ‘మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని రాస్తాయి. అవి కూడా ముందుకే వచ్చేస్తాయి. ఓటీపీ దొరక్కపోవడం కంటే అదే నయం.

రోజుకోసారి, వారానికోసారి చూపించే ఏర్పాటు జీమెయిల్‌లో లేదు. ఆ లేబుల్‌ను ఎప్పుడు తెరవాలో మీ క్రమశిక్షణ మీదే ఆధారం. రిమైండర్లు ‘గూగుల్ టాస్క్స్’ అనే పనుల జాబితాలోకి వెళ్లిపోయాయి. మెయిల్ మీద నొక్కి టాస్క్‌గా మార్చుకోవచ్చు కానీ అది కుడివైపు పట్టీలో ఉంటుంది, మెయిళ్ల మధ్య ఉండదు. ప్రయాణాల కోసం గూగుల్ ట్రిప్స్ అని ఇంకో యాప్ ఉండేది, ఇన్‌బాక్స్ పోయిన ఏడాదే ఆగస్టులో దాన్నీ మూసేశారు.

రూపం గురించే బెంగ ఉన్నవాళ్లకు ‘సింప్లిఫై’ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, ఉంది. చేసినాయన మైకేల్ లెగెట్. ఒకప్పుడు జీమెయిల్ డిజైన్ బాధ్యతలు చూసినవాడు, ఇన్‌బాక్స్ పుట్టుకలో కూడా చెయ్యి ఉన్నవాడు. తను చేసిందాన్ని కంపెనీ మూసేస్తుంటే బయటి నుంచి జీమెయిల్‌నే శుభ్రం చేసే పని పెట్టుకున్నాడు. అనవసరమైన గుర్తులు, పట్టీలు తీసేసి పేజీని ప్రశాంతంగా ఉంచుతుంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో మాత్రమే పనిచేస్తుంది. మీ మెయిల్ ఫోన్‌లోనే గడిచిపోతుంటే దీనివల్ల ఉపయోగం లేదు. ఏ ఎక్స్‌టెన్షన్ అయినా మెయిల్ పేజీలో ఉన్నది చదవగలదు కాబట్టి, చేసినవాళ్లు ఎవరో తెలియని ‘ఇన్‌బాక్స్ థీమ్’ లాంటివి కనబడినవల్లా తగిలించుకోవద్దు.

నకలుకు దగ్గరగా ఉన్నది

అదే చిరునామా ఉంచుకుని, బండిల్స్ కూడా కావాలంటే చూడాల్సింది షార్ట్‌వేవ్. ఫైర్‌బేస్ అనే కంపెనీ పెట్టి 2014లో గూగుల్‌కు అమ్మిన బృందంలోని ఆండ్రూ లీ, మరికొందరు కలిసి దీన్ని 2022లో తెచ్చారు. ఇన్‌బాక్స్ మీద అభిమానంతోనే మొదలుపెట్టామని దాచుకోలేదు కూడా. బండిల్స్ ఉన్నాయి, పిన్ ఉంది, డన్ ఉంది, స్నూజ్ ఉంది, కొన్ని రకాల మెయిళ్లను ఫలానా వేళకే చూపించమనే ఏర్పాటూ ఉంది. వెబ్‌లో, ఫోన్‌లో రెండుచోట్లా నడుస్తుంది. పాత ఇన్‌బాక్స్ వాడినవాళ్లకు తెరవగానే చేతులకు దారి తెలిసిపోతుంది.

మరి పేచీ ఎక్కడ? మూడు చోట్ల. ఇది కూడా గూగుల్ ఖాతాలకే. ఉచిత ప్లాన్‌కు హద్దులున్నాయి, గట్టిగా వాడాలంటే నెలనెలా డాలర్లలో కట్టాలి. పైగా వాళ్ల దృష్టి ఇప్పుడు బండిల్స్ మీద కన్నా ఏఐ సహాయకుడి మీద ఎక్కువ. మెయిళ్ల సారాంశం చెప్పడం, జవాబు రాసిపెట్టడం లాంటివి. అవి మీకు కావాలంటే సరే. నాకైతే అక్కర్లేని దానికి కూడా డబ్బు కడుతున్నట్టు అనిపిస్తుంది. చిన్న కంపెనీ కాబట్టి రేపు ఇంకెవరో కొనుక్కోరనే గ్యారంటీ లేదు. అయితే అలా జరిగినా మీ మెయిళ్లు జీమెయిల్‌లోనే ఉంటాయి, పోయేది ముఖం మాత్రమే. ఇన్‌బాక్స్‌ను మూసినప్పుడు జరిగింది కూడా అదే కదా.

స్పార్క్ అనేది ఇంకో మాట. రీడిల్ అనే ఉక్రెయిన్ మూలాలున్న కంపెనీది, 2015లో ఐఫోన్‌లో మొదలై తర్వాత ఆండ్రాయిడ్‌కూ విండోస్‌కూ వచ్చింది. వెబ్‌లో తెరిచేది కాదు, యాప్ వేసుకోవాలి. మనుషులు రాసినవి ఒకవైపు, నోటిఫికేషన్లు, న్యూస్‌లెటర్లు ఇంకోవైపు పోగులు పెడుతుంది. జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్, ఆఫీసు మెయిల్ అన్నీ ఒకేచోట చూడగలగడం దీని బలం, ఇన్‌బాక్స్ ఎన్నడూ చేయని పని. సొంత వ్యాపారం పెట్టుకుని నాలుగు ఖాతాలు చూసుకునేవాళ్లకు షార్ట్‌వేవ్ కన్నా ఇదే నప్పుతుంది. కానీ నోటిఫికేషన్లు పంపడం కోసం మీ ఖాతా అనుమతి వాళ్ల సర్వర్లో ఉంచుకుంటారు. ఆఫీసు మెయిల్ ఇందులో కలిపే ముందు మీ ఐటీ విభాగాన్ని అడగండి, చాలాచోట్ల ఒప్పుకోరు.

చిరునామా మారినా ఫరవాలేదంటే

ముందు ఒక మాట. ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్, ఎల్ఐసీ, పిల్లల స్కూలు... మీ మెయిల్ చిరునామా ఎన్ని చోట్ల రాసి ఉందో ఒకసారి కాగితం మీద పెట్టండి. ఆ జాబితా చూశాక సగం మంది ఈ భాగం దాటేస్తారు.

దాటనివాళ్లకు ముందుగా ఔట్‌లుక్. స్వీప్ విషయంలో ఇది ఇన్‌బాక్స్ కన్నా మెరుగు, హాట్‌మెయిల్ వారసత్వం మరి. వెబ్‌లో ఒక మెయిల్ ఎంచుకుని స్వీప్ నొక్కితే, అది పంపినవాళ్ల నుంచి వచ్చినవన్నీ తీసేయాలా, ఇకముందు వచ్చేవీ తీసేయాలా, తాజాది ఒక్కటే ఉంచాలా, పది రోజులు దాటినవి తీసేయాలా అని అడుగుతుంది. ఆ చివరి రెండూ అద్భుతం. ఫుడ్ డెలివరీ కూపన్లకు, సూపర్‌మార్కెట్ ఆఫర్లకు ‘తాజాది ఒక్కటే ఉంచు’ అని ఒక్కసారి చెబితే చాలు, చెత్త దానంతటదే పోతుంది. పిన్, స్నూజ్ కూడా ఉన్నాయి. ఉచిత ఖాతాలో ప్రకటనలు కనబడతాయి, అదే చిరాకు. బండిల్స్ బదులు ‘ఫోకస్డ్’, ‘అదర్’ అని రెండు కుప్పలే ఉంటాయి.

‘హే’ అనే మెయిల్ సర్వీసు 2020 జూన్‌లో వచ్చింది. దాని పద్ధతి వేరు. ముక్కూమొహం తెలియనివాళ్లు మొదటిసారి రాస్తే, ‘వీళ్లను లోపలికి రానివ్వాలా’ అని మిమ్మల్ని అడుగుతుంది. వద్దంటే ఇక వాళ్ల గొంతు వినబడదు. న్యూస్‌లెటర్లకు ఒక చోటు, రసీదులకు ఒక చోటు. ఆలోచనలో ఇన్‌బాక్స్‌కు దగ్గరి చుట్టమే. మొదలుపెట్టినప్పుడే ఏడాదికి 99 డాలర్లు పెట్టారు, మన డబ్బుల్లో ఎనిమిది వేలు దాటుతుంది. పైగా వేరే మెయిల్ యాప్‌లో తెరవనివ్వదు. అమెరికాలో డాలర్లలో జీతం తీసుకుంటూ మెయిల్‌తో విసిగిపోయినవాళ్లకు సరే. ఇక్కడివాళ్లకు నేను చెప్పను.

జోహో మెయిల్ చెన్నై కంపెనీది. కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 అక్టోబరులో దానికి మారుతున్నానని ప్రకటించాక దాని పేరు బాగా వినబడుతోంది. ఉచిత ఖాతాలో కూడా ప్రకటనలు వేయదు, అదే దీని పెద్ద గుణం. స్నూజ్ ఉంది, న్యూస్‌లెటర్లు, నోటిఫికేషన్లు వేరుచేయగలదు. కానీ ఇన్‌బాక్స్ అలవాటున్నవాళ్లకు ఇది ఆఫీసు మెయిల్‌లా అనిపిస్తుంది, ఎందుకంటే అది ఆఫీసుల కోసమే కట్టింది. సొంత డొమైన్ కొనుక్కుని దుకాణం పేరుతోనో సంస్థ పేరుతోనో మెయిల్ పెట్టుకునేవాళ్లకు నా మొదటి ఓటు జోహోకే. ఇన్‌బాక్స్ పోయిందన్న బాధ తీర్చుకోవడానికైతే కాదు.

ఎవరికి ఏది

స్నూజ్ ఒక్కటే కావాలంటే ఎక్కడికీ కదలొద్దు, జీమెయిల్‌లోనే ఉంది. స్వీప్ కావాలంటే స్టార్లతో పైన చెప్పిన దొడ్డిదారి వాడండి. అది తృప్తినివ్వకపోతే, ఆఫర్ల కోసం ఔట్‌లుక్‌లో ఇంకో ఖాతా తెరిచి షాపింగ్ సైట్లకు ఆ చిరునామా ఇవ్వండి. అసలు ఖాతా ముట్టుకోనక్కర్లేదు. బండిల్స్ లేకపోతే బతకలేననుకుంటే, రోజుకు వంద పైగా మెయిళ్లు వస్తుంటే, షార్ట్‌వేవ్‌కు డబ్బు కట్టడం దండగ కాదు. కానీ ముందు ఫిల్టర్లతో ఓ నెల గడిపి చూడండి. చాలామందికి మూడు లేబుళ్లు, ‘డబ్బులు’, ‘కొన్నవి’, ‘చదవాల్సినవి’, సరిపోతాయి.

అమ్మానాన్నల ఫోన్లో వీటిలో ఏదీ పెట్టొద్దు. జీమెయిల్ యాప్, ట్యాబ్‌లు ఆన్, అంతే. స్వైప్ చేస్తే ఆర్కైవ్ అయ్యే సెట్టింగ్ మాత్రం ‘నన్’ అని మార్చండి. వేలు పొరపాటున తగిలి కరెంటు బిల్లు మెయిల్ ఎటో పోయిందని ఫోన్ వస్తుంది లేకపోతే.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఇక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాలసీ నోటీసులు పాత జీమెయిల్ ఖాతాకు వస్తుంటాయి, అక్కడి జీవితమంతా కొత్త ఖాతాలో నడుస్తుంటుంది. పాతదాన్ని కొత్తదానికి ఫార్వర్డ్ చేసి, ఆ మెయిళ్లకు ‘ఇండియా’ అని ఒక లేబుల్ తగిలిస్తే అదే మీ బండిల్. కానీ ఫార్వర్డ్ పెట్టాం కదా అని పాత ఖాతాను పూర్తిగా మర్చిపోవద్దు. రెండేళ్లపాటు ఎవరూ లాగిన్ కాని ఖాతాలను తీసేసే విధానం గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. అప్పుడప్పుడు ఒకసారి తెరిచి చూడాలి.

చివరగా, కొత్త యాప్ ఏదైనా పరీక్షించి వద్దనుకుంటే ఫోన్లోంచి తీసేయడంతో పని అయిపోదు. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీకి వెళ్లి, బయటి యాప్‌లకు ఇచ్చిన అనుమతుల జాబితా తెరిచి, దాని పేరు పక్కన అనుమతి రద్దు చేయాలి. ఆ జాబితాలో ఎప్పుడో ఒకసారి వాడి మర్చిపోయిన పేర్లు ఇంకా ఉంటే, పనిలో పనిగా వాటినీ తీసేయండి.